రైలు గేటు దగ్గర మోగిన క్యాసెట్

మీరు చెవుల్లో గింజల్లా పెట్టుకుని తిరిగే వాటి గురించి నాకేమీ తెలియదు. ఏది కొనమంటారని నన్నడక్కండి. ఒక జత హెడ్‌ఫోన్లు భేషుగ్గా ఉన్నాయని కాగితం మీద సంతకం పెట్టి, దానికి తగిన శాస్తి అనుభవించినవాణ్ణి. ఆ తరవాత ఏ సరుకునూ మెచ్చుకునే సాహసం చేయలేదు, మా ఆవిడ వంటను తప్ప. అది కూడా భయంతోనే.

తొంభైల చివరి రోజులు. మాదాపూర్‌లో ఆ గుండ్రటి పెద్ద భవనం అప్పుడే లేచింది. చుట్టూ ఇంకా బండలు, తుమ్మచెట్లు, కంకర లారీలు. రేడియోలో ఇరవై ఏళ్లు సౌండు పని చేసి, ముందుగానే పదవీ విరమణ తీసుకుని, అక్కడికి దగ్గర్లో ఒక చిన్న కంపెనీలో చేరాను. బడిపిల్లలకు తెలుగులో సైన్సు పాఠాలను సీడీల మీద తయారు చేసే కంపెనీ అది. బొమ్మలు కంప్యూటర్ దగ్గర కూర్చునే కుర్రాళ్లు వేసేవారు. పాఠం చదివే గొంతును రికార్డు చేయడం, దాన్ని శుభ్రం చేసి సీడీకి పంపడం నా పని.

స్టూడియో అని పేరే గాని, అది ప్లైవుడ్డు గోడల గది. మధ్యలో ఒక అద్దం. అవతల చదివే మనిషి, ఇవతల నేను. నేను స్పీకర్లు పెడితే పక్క హాల్లో ప్రోగ్రాములు రాసుకునేవాళ్లు గోడ మీద కొట్టేవారు. అందుకని విన్నదంతా హెడ్‌ఫోన్లలోనే వినాలి.

నాది పుట్టుకతో వచ్చిన అనుమానపు బుద్ధి. ఇంట్లో పాలు పొంగినా ఎవరు పొంగించారని అడుగుతానని మా ఆవిడ అంటుంది. కంప్యూటర్ మీద నాకు నమ్మకం లేదు. అది ఏ క్షణాన ఏం మింగేస్తుందోనని, రికార్డింగ్ జరుగుతున్నంతసేపు పక్కన ఒక మామూలు క్యాసెట్ కూడా తిప్పేవాణ్ణి. మైకులోంచి వచ్చిన గొంతు ఏ మార్పూ లేకుండా నేరుగా అందులో పడేది. కుర్రాళ్లు నవ్వుకునేవారు. ఈ క్యాసెట్ల సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ఇక హెడ్‌ఫోన్ల సంగతి. కంపెనీలో కొనుగోళ్లు, స్టోర్లు రెండూ ఒకే పెద్దమనిషి చూసేవాడు. హైదరాబాదులోనే పుట్టి పెరిగినవాడు, చేతిలో ఎప్పుడూ ఏదో ఒక ఫైలు. నేను చేరిన వారంలోనే వచ్చాడు.

"సార్, సికింద్రాబాద్‌ల నాకు ఎరికైన దుకాణం ఉంది. రేటు జర ఎక్కువే గని మాల్ మంచిది. ఇంటికి తీస్కపోయి రెండు రోజులు ఇనుండ్రి. నచ్చకుంటే వాపస్ చేద్దాం, ఫికర్ లేదు."

తెలిసిన దుకాణం అనగానే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. రేటు ఎక్కువ అనగానే పూర్తిగా అర్థమైపోయినట్టు అనిపించింది. ఇతగాడికి అందులో వాటా ఉంది, సందేహం లేదు! "అక్కర్లేదండీ, నేనే చూసుకుంటాను" అని ఆ సాయంత్రమే కోఠీ వెళ్లాను.

అక్కడ ఒక పెట్టె మీద బంగారు అక్షరాలతో స్టూడియో అని రాసి ఉంది. ధర మా పెద్దమనిషి చెప్పినదాంట్లో పావు వంతు కూడా లేదు. దుకాణదారు ఏదో పాటల క్యాసెట్ పెట్టాడు. వెనక బస్సుల హారన్లు, బేరాలు, పక్క దుకాణంలో మరో పాట. అంత గోలలోనూ ప్రతి అక్షరం సూదిలా వచ్చి చెవిలో గుచ్చుకుంది. గుచ్చుకున్నదల్లా స్పష్టత అనుకున్నాను. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాడిని, చదివే గొంతుకు వాడే వస్తువును పాట పెట్టి, నడిబజారులో నిలబడి పరీక్షించాను. మర్నాడు స్టోర్ల కాగితం మీద "స్వయంగా పరీక్షించాను, ధ్వని చాలా స్పష్టం, పనికి అనుకూలం" అని రాసి సంతకం పెట్టాను. ఆ పెద్దమనిషి కాగితాన్ని చదివి, ఒక్క మాటా అనకుండా ఫైల్లో పెట్టుకున్నాడు. ఆ మౌనం కూడా నాకు అనుమానంగానే తోచింది.

పాఠాలు చదివే ఆవిడ అంతకు ముందు అదే కంపెనీలో రిసెప్షన్‌లో కూర్చుని ఫోన్లు ఎత్తేది. ముప్పై ఏళ్లుంటాయి. మెదక్ జిల్లా పల్లె నుంచి వచ్చి భర్తతో బాలానగర్‌లో కిరాయి ఇంట్లో ఉండేది. సీడీలు చేయించుకునే పుస్తకాల ప్రచురణకర్త ఒకసారి ఫోన్లో ఆమె గొంతు విని, "ఈ గొంతే పాఠాలు చదవాలి" అని పట్టుబట్టాడు. జీతం కాస్త పెరిగింది. రిసెప్షన్ కుర్చీలోకి ఇంకో అమ్మాయి వచ్చింది. అంటే ఈ పని పోతే ఆమె వెనక్కి వెళ్లి కూర్చోవడానికి చోటు లేదు. భర్త లేతు కార్ఖానాలో పని చేస్తూ, కుడిచేయి యంత్రంలో నలిగి ఇంట్లో ఉన్నాడు. ఇల్లు ఆమె గొంతు మీద నడుస్తోంది. ఇదంతా నాకు తెలుసు. తెలియదని చెప్పి తప్పించుకునే వీలు కూడా లేదు.

మొదటి రోజు ఆమె చదివిన వాక్యం ఇప్పటికీ గుర్తుంది. "శీతాకాలంలో మన శ్వాస పొగలా ఎందుకు కనిపిస్తుంది?" కొత్త హెడ్‌ఫోన్లలో ఆ శకారాలు బుస్సుమని పాము లేచినట్టు వినిపించాయి. ఈ గొంతులో కీచుదనం ఎక్కువే అనుకున్నాను. సీడీకి వెళ్లే గొంతును సరిచేసే గుండీ తిప్పి ఆ పదును తగ్గించాను. ఇంకా గుచ్చుకుంటోంది. ఇంకాస్త తిప్పాను. నా చెవికి హాయిగా తగిలేదాకా తిప్పుతూనే పోయాను. అలా నాలుగు పాఠాలు తయారై ప్రచురణకర్త దగ్గరికి వెళ్లాయి.

పది రోజులకు ఉత్తరం వచ్చింది. గొంతు దుప్పటి ముసుగులోంచి వస్తున్నట్టుంది, పిల్లలకు ఒక్క ముక్క అర్థం కాదు, ఫోన్లో విన్న గొంతు ఇది కాదు, బాగుచేయండి లేదా మనిషిని మార్చండి.

మా మేనేజరు చిన్నవాడు, గుంటూరు వైపు నుంచి వచ్చినవాడు. మర్యాద తెలిసినవాడు గాని ధ్వని సంగతి తెలియదు. "మాస్టారూ, ప్రాబ్లం ఎక్కడుందంటారు?" అని నన్నే అడిగాడు. ఆ సీడీనే నా హెడ్‌ఫోన్లలో మళ్లీ విన్నాను. నిక్షేపంగా ఉంది. ఇంకా చెప్పాలంటే కాస్త పదును మిగిలే ఉంది. మరి ముసుగు ఎక్కణ్ణించి వచ్చింది?

అప్పటినుంచి నాలోని పోలీసు నిద్రపోలేదు. ప్రచురణకర్త ఏదో సాకు వెతుకుతున్నాడని ఒక రోజు. నేను భోజనానికి వెళ్లినప్పుడు ఎవరో గుండీలు తిప్పుతున్నారని ఇంకో రోజు. గుండీల మీద సెలోటేపు అంటించి, పొద్దున్నే వచ్చి చెక్కుచెదరలేదు కదా అని చూసుకునేవాణ్ణి. స్టోర్ల పెద్దమనిషి నేను తెచ్చిన జతను మార్చేసి నకిలీది పెట్టాడని మరో రోజు. మా అమ్మాయి గోళ్ల రంగు తెచ్చి, హెడ్‌ఫోను లోపలి అంచున ఎవరికీ కనిపించకుండా ఒక ఎర్ర చుక్క పెట్టాను. ఆ చుక్క రోజూ అక్కడే ఉండేది. నాకు రోజూ కొంచెం నిరాశ కలిగేది.

దొంగ దొరకలేదు గనక అనుమానం అద్దానికి అవతల ఉన్న మనిషి మీదికి వెళ్లింది. ఆమె అప్పుడప్పుడు వక్క నములుతుందని కనిపెట్టాను. అదీ కారణం! మానేయమన్నాను, మానేసింది. నోరు బాగా తెరవమన్నాను. తెరిస్తే శకారాలు నా చెవుల్లో మళ్లీ బుసకొట్టాయి. శ, ష, స వచ్చినచోట గాలి మింగి పలకమన్నాను. పెదవుల ముందు పెన్సిలు నిలువుగా పట్టుకుని చదవమన్నాను. మా పనిలో అది పాత చిట్కా, గాలి దానికి తగిలి చీలిపోతుంది.

ఒకరోజు ఆమె పెన్సిలు కిందపెట్టింది. "నోరు తెరవమంటరు, తెరిస్తె మింగమంటరు. ఏది చెయ్యాలె సార్? ఇంట్ల కూర గలుపుకుంట గూడ పెన్సిల్ పట్టుకుంటున్న. మా ఆయన నవ్వుతుండు."

"రెండూ చేయాలమ్మా. సాధన చేస్తే అదే వస్తుంది" అన్నాను, గురువుగారిలా. ఆ మాటలో ఉన్న పిచ్చితనం ఆమెకు కనిపించింది. నాకు కనిపించలేదు. అలా ఇంకో నాలుగు పాఠాలు చదివించాను. సాయంత్రం మేనేజరుకు ఒక చీటీ కూడా రాశాను. యంత్రాల్లో లోపం లేదు, లోపం గొంతులోనే ఉంది, వేరే గొంతును చూడటం మంచిది. విజయవాడ నుంచి నాటకాలాడే ఒకావిడను పిలిపించడానికి మాటలు మొదలయ్యాయి. నెలాఖరుకు ఈమెను పంపించేస్తారని అందరికీ తెలిసిపోయింది.

ఆ రోజుల్లో కంపెనీ బస్సు బాలానగర్‌లో బయలుదేరి, కూకట్‌పల్లిలో నన్ను ఎక్కించుకుని, రైలు గేటు దాటి మాదాపూర్ వచ్చేది. గేటు పడిందంటే పావుగంట. ఒక ఉదయం అలాగే పడింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు. ఆపగానే బస్సులో మోగుతున్న క్యాసెట్ బయటపడింది.

"శీతాకాలంలో మన శ్వాస పొగలా ఎందుకు కనిపిస్తుంది?"

బస్సంతా వింటోంది. పక్క హాలు ప్రోగ్రాముల కుర్రాళ్లు, ఊడ్చే ఆడవాళ్లు, వాచ్‌మెన్, అందరూ. డ్రైవరు స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని "మస్తు చెప్తున్నవ్ అక్కా" అన్నాడు. ఆమె కిటికీ పక్కన కూర్చుని, కళ్లు మూసుకుని తన గొంతే తను వింటోంది. తనే డ్రైవరుకు క్యాసెట్ ఇచ్చి, తనలో తప్పెక్కడుందో వెతుక్కుంటోందని నాకు తరవాత తెలిసింది.

అప్పుడు నాకు ఏం వినిపించింది? ఆ మాటే మీకు చెప్పాలని ఇంత దూరం వచ్చాను. నాకు ఏమీ వినిపించలేదు. నాసిరకం బస్సు స్పీకర్లో ఆ గొంతు గంటలా మోగుతోంది. ఒక్క శకారం గుచ్చుకోవడం లేదు, ఒక్క అక్షరం ముసుగు కప్పుకోలేదు. ఇరవై ఏళ్లు చెవులమ్ముకుని బతికినవాడిని, నాకు మాత్రం ఒక్కటే తట్టింది. ఇది కంపెనీ క్యాసెట్, ఈమె చేతికి ఎలా వచ్చింది?

లేచి వెళ్లి క్యాసెట్ బయటికి లాగాను. "ఇది ఆఫీసు సొత్తు. అడక్కుండా తీసుకుపోతే దాన్ని దొంగతనం అంటారమ్మా" అన్నాను. అందరి ముందూ, వెనక సీటుదాకా వినపడేటట్టు. కంచుకంఠం అని రేడియోలో నాకు పేరుండేది.

ఆమె ముఖం నల్లబడిపోయింది. "నేను అడిగే తీస్కపోయిన సార్. స్టోర్ల రాపిచ్చిన" అంది. నేను వినిపించుకోలేదు. నాకు దొంగ దొరికింది. ఇన్నాళ్ల పరిశోధన ఫలించింది. గేటు లేచింది.

ఆఫీసుకు రాగానే ఆమెను, స్టోర్ల పెద్దమనిషిని మేనేజరు గదికి పిలిపించాను. క్యాసెట్ బల్ల మీద పెట్టాను. పెద్దమనిషి ముందు రిజిస్టరు తెరిచాడు. "పాత క్యాసెట్ ఒకటి, తిరిగి ఇచ్చే షరతు మీద" అని రాసి ఉంది, కింద ఆమె సంతకం. "మీరే సార్, పని అయిపోయిన క్యాసెట్లు స్టోర్లకు పంపిచ్చిన్రు. పాపం ఇంట్ల ప్రాక్టీస్ చేస్కుంట అంటె ఇచ్చిన" అన్నాడు నెమ్మదిగా.

"అసలు ఇందులో కంపెనీ రహస్యం ఏముందో వినండి సార్" అని నేనే మేనేజరును తొందరపెట్టాను. అవును, నేనే. క్రికెట్ వినడానికి ఆయన గదిలో రేడియో, క్యాసెట్ రెండూ పలికే ఒక చిన్న టూ-ఇన్-వన్ ఉండేది. క్యాసెట్ అందులో పెట్టాడు. శీతాకాలం, శ్వాస, పొగ. అంతా స్పష్టంగా వచ్చింది. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. సొరుగులోంచి సీడీ తీసి తన కంప్యూటర్లో పెట్టాడు. అదే పాఠం, అదే వాక్యం, ముసుగేసుకుని వచ్చింది. మళ్లీ క్యాసెట్, మళ్లీ సీడీ.

"మాస్టారూ, మనిషీ ఒక్కరే, చదివిందీ ఒక్కటే. మరి మధ్యలో దీన్ని ఇలా చేసిందెవరు?"

మధ్యలో ఉన్నది నేనే. అయినా బుద్ధి పోలేదు చూడండి, "హెడ్‌ఫోన్లు మార్చేశారండీ, నేను తెచ్చినవి కావు" అన్నాను. వెళ్లి తెచ్చి, లోపలి అంచు తిప్పి చూశాం. నేను పెట్టిన ఎర్ర చుక్క చక్కగా అక్కడే ఉంది. పెద్దమనిషి ఫైలు తెరిచి నా సంతకం ఉన్న కాగితాన్ని బల్ల మీద పెట్టాడు. మేనేజరు హెడ్‌ఫోన్లు తలకు తగిలించుకుని ఆ మంచి క్యాసెట్ విన్నాడు. అర నిమిషం కాకుండానే తీసేసి చెవి రుద్దుకున్నాడు.

లేని కీచుదనాన్ని ఆ వస్తువే పుట్టిస్తోంది. అది పుట్టించిన కీచుదనాన్ని చంపబోయి నేను గొంతునే చంపాను. బాగా పలికే జతను ఇంటికి తీసుకెళ్లి వినమన్న మనిషిలో నాకు దళారీ కనిపించాడు. నన్ను మోసం చేసిన పెట్టెలో మాత్రం స్టూడియో కనిపించింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అలంకారానికి అనడం లేదు, నిజంగా అనిపించింది.

మొదటి నాలుగు పాఠాలకు ఇబ్బంది లేదు. నేను నమ్మని కంప్యూటర్లోనూ, నమ్మిన క్యాసెట్లలోనూ అసలు గొంతు భద్రంగా ఉంది, మళ్లీ తయారు చేసుకోవచ్చు. చిక్కు తరవాతి నాలుగింటితో వచ్చింది. అవి పెన్సిలు పట్టుకుని, గాలి మింగి చదివినవి. నా మాట విని ఆమె నిజంగానే తన గొంతును పాడుచేసుకుంది. వాటిని మళ్లీ చదవాలి, గడువేమో వారం.

మేనేజరు ఆమెకు క్షమాపణ చెప్పాడు. ఉద్యోగానికి ఢోకా లేదన్నాడు, విజయవాడకు ఫోన్ చేసి వద్దని చెప్పేశాడు. నేను కూడా "పొరపాటు నాదేనమ్మా" అన్నాను. ఆమె కుర్చీలోంచి లేవలేదు.

"ఈడ జెప్తె ఏం లాభం సార్? నలుగురే ఉన్నం. నన్ను దొంగ అన్నది ఈడ గాదు గద."

నాకు అర్థమైంది. అర్థం కానట్టు నిలబడ్డాను.

"బస్సుల అన్నరు. మా బస్తీ ఆడోళ్లు ఇద్దరు అదే బస్సుల వస్తరు. పొద్దుగూకేసరికి మా ఇంటి కాడ ఎరికైతది. గదే బస్సుల చెప్పుండ్రి. చెప్పినంకనే సదువుత. లేకుంటె ఈ నౌకరీ వద్దు నాకు."

తరవాత ఆ సీడీ బయటికొచ్చింది, ప్రచురణకర్త సంతోషించాడు, ఇంకా కొన్ని సీడీలు చేయించుకున్నాడు. సికింద్రాబాద్ దుకాణం నుంచి వేరే జత వచ్చింది. దాన్ని రెండు రోజులు ఇంట్లో పెట్టుకుని విన్నాను, ఎర్ర చుక్క పెట్టలేదు. ఆ నాలుగు పాఠాలకు మాత్రం నేను ఏ హెడ్‌ఫోన్లూ పెట్టుకోలేదు. అద్దానికి అవతలికి వెళ్లి, ఆమె ఎదురుగా పీట వేసుకుని కూర్చుని ఉత్త చెవులతో విన్నాను. పాత గొంతు తిరిగి రావడానికి మూడు రోజులు పట్టింది. అన్నాళ్లూ ఆమె చెయ్యి అలవాటుగా పెన్సిలు కోసం వెతుక్కుంటుంటే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

కానీ వీటన్నిటికీ ముందు ఒక ఉదయం ఉంది. కూకట్‌పల్లిలో బస్సెక్కాను. రాత్రంతా నెమరేసుకున్న వాక్యం నోట్లో ఉంది. బస్సు కదులుతుండగా చెప్పేసి కూర్చుందామనుకున్నాను, ఇంజను చప్పుడులో సగం కలిసిపోతుంది కదా అని. మళ్లీ అదే బుద్ధి! నోరు తెరిచేలోపు గేటు పడింది. డ్రైవరు అద్దంలోంచి నన్ను చూశాడు. అతనికి ఆమె ముందే చెప్పినట్టుంది. ఇంజను ఆపేశాడు. పాటలూ ఆపేశాడు. "చెప్పుండ్రి సార్" అన్నాడు.

పైనున్న కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. "ఈవిడ ఏ తప్పూ చేయలేదండీ. క్యాసెట్ అడిగే తీసుకెళ్లారు. గొంతులో ఏ లోపమూ లేదు. తప్పంతా నాది, నేను దొంగ అనడం పెద్ద తప్పు" అన్నాను. కంచుకంఠం ఎటుపోయిందో, మాటలు చొక్కా గుండీల దగ్గరే రాలిపోయాయి.

చిట్టచివరి సీట్లోంచి ఆమె గొంతు వచ్చింది, శీతాకాలం పాఠం మొదటి రోజు చదివినంత తేటగా.

"సార్, ఎనకకు ఇనబడలే."

మళ్లీ చెప్పాను.